షార్ట్ షిఫ్టర్ ఎలా పనిచేస్తుంది, ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి: సమగ్ర మార్గదర్శి

షార్ట్ షిఫ్టర్, అంటే గేర్ రాడ్ కదిలే దూరాన్ని తగ్గించే సామాను, బిగిస్తే గేర్లు త్వరగా పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ సంగతి గేర్‌బాక్స్‌కి తెలియనే తెలియదు. లోపలి భాగాలు ఇంతకుముందు ఎంత దూరం కదిలేవో ఇప్పుడూ అంతే కదులుతాయి. తగ్గేది మీ చెయ్యి తిరిగే దూరం. అది తగ్గినంత మేర చేతికి బరువు పెరుగుతుంది. ఈ లెక్క ఒకసారి ఒంటబడితే ఏ కిట్ తీసుకోవాలి, ఎంత తగ్గించాలి, అసలు మన కారుకి అవసరమా అన్నవన్నీ తేలిపోతాయి.

ఇంకో పేరుతో కలగాపులగం కాకుండా ముందే చెప్పేస్తాను. ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎం అందుకోకముందే పై గేరు వేసేయడాన్ని ‘షార్ట్ షిఫ్టింగ్’ అంటారు. అది నడిపే పద్ధతి. మనం మాట్లాడుకునేది గేర్ రాడ్‌కి బిగించే సామాను గురించి.

గేర్ రాడ్ కూడా ఒక మీటే

గునపంతో బండరాయి లేపేటప్పుడు కింద చిన్న రాయి ఆనిక పెడతాం. ఆనికకి మన వైపు పొడవు ఎక్కువ, బండ వైపు తక్కువ. మనం జానెడు కిందికి నొక్కితే బండ వేలెడు లేస్తుంది, కానీ తేలిగ్గా లేస్తుంది. గేర్ రాడ్‌దీ ఇదే కథ. కింది వైపున ప్లాస్టిక్ గిన్నెలో కూర్చున్న ఒక గుండు ఉంటుంది. అదే ఆనిక, వర్క్‌షాపు భాషలో పివట్. దానికి పైన నాబ్ (చేత్తో పట్టుకునే పిడి) దాకా పొడుగాటి భాగం, కింద గేర్‌బాక్స్‌నో, కదలికని దాని దాకా చేర్చే లింకేజీనో కదిపే పొట్టి భాగం.

ఒక లెక్క వేద్దాం. పై భాగం 240 మి.మీ., కింది భాగం 40 మి.మీ. అనుకోండి. నిష్పత్తి 6. గేరు పడాలంటే కింది కొన 10 మి.మీ. కదలాలి అనుకుంటే నాబ్ 60 మి.మీ. కదలాలి. ఒకటో గేరు నుంచి రెండుకి రావాలంటే న్యూట్రల్ దాటి అటు 60, ఇటు 60, మొత్తం 120 మి.మీ. కింది కొన దగ్గర 18 కిలోల బలం కావాల్సి వస్తే చేతి దగ్గర 3 కిలోలు చాలు.

నాబ్ కదిలే ఈ దూరాన్ని తగ్గించడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, రాడ్‌ని పైన కత్తిరించడం, లేదా పొట్టి రాడ్ పెట్టడం. 40 మి.మీ. తగ్గిస్తే పై భాగం 200 అవుతుంది, నిష్పత్తి 5కి వస్తుంది, నాబ్ కదలిక 50 మి.మీ. అవుతుంది. అంటే 17 శాతం దాకా తగ్గింది. ఖర్చు తక్కువ, పని తేలిక. కానీ చెయ్యి కూడా 40 మి.మీ. కిందికి దిగిపోతుంది. స్టీరింగ్ నుంచి దూరం పెరుగుతుంది. ఎడాపెడా గేర్లు మార్చే దారిలో ఆ సంగతి భుజానికి తెలుస్తుంది.

రెండోది, పివట్ కింద ఉన్న భాగాన్ని పొడిగించడం. 40ని 52 చేస్తే నిష్పత్తి 4.6కి దగ్గరవుతుంది, కదలిక 46 మి.మీ.కి వస్తుంది. నాబ్ ఎత్తు మారదు. మార్కెట్లో దొరికే చాలా కిట్‌లు ఈ రకమే. చిక్కల్లా కింద ఆ 12 మి.మీ. పట్టేంత చోటు ఉండాలి.

మూడోది, పివట్‌నే పైకి జరపడం. రాడ్ మొత్తం పొడవు అదే 280 మి.మీ. ఉంచి ఆనికని 10 మి.మీ. పైకి లేపితే పైన 230, కింద 50. నిష్పత్తి మళ్లీ 4.6. ఒక చోట జరిపితే రెండు వైపులా లెక్క మారింది, అందుకే కొద్దిపాటి మార్పుకే ఇంత ఫలితం. పివట్ ఎత్తుని మార్చుకునే వీలున్న ఖరీదైన షిఫ్టర్లు ఈ సూత్రం మీదే నడుస్తాయి.

ఇప్పుడు బరువు సంగతి. నిష్పత్తి 6 నుంచి 4.6కి వస్తే చేతి దగ్గర 3 కిలోలు కాస్తా 3.9 కిలోలవుతుంది. దూరం 23 శాతం తగ్గితే బలం 30 శాతం పెరిగింది. దూరాన్ని సగానికి సగం తగ్గిస్తే బలం రెట్టింపవుతుంది. ‘తక్కువ దూరం, తక్కువ బలం’ అని రాసి ఉన్న ప్రకటన కనిపిస్తే దాన్ని మీటల పాఠం చదవని వాళ్లు రాశారనుకోవచ్చు.

లోపల సింక్రో ఏం చేస్తోంది

ఈ పెరిగిన బలం ఎక్కడ ఖర్చవుతుందో తెలియాలంటే గేర్‌బాక్స్‌లోకి తొంగి చూడాలి. ముందుకు నడిపే గేర్ల జతలన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి పట్టుకునే తిరుగుతుంటాయి. మీరు గేరు వేసినప్పుడు నిజంగా జరిగేది, స్లీవ్ అనే జారే ఉంగరం ఒకటి పక్కకి జరిగి, కావలసిన గేరుని షాఫ్ట్‌కి బంధించడం. రెండిటి వేగాలు వేరుగా ఉంటే పళ్లు గీరుకుంటాయి. ఆ ‘గర్ర్’ మోత రాకుండా మధ్యలో ఇత్తడి లాంటి లోహంతో చేసిన సింక్రో రింగు ఉంటుంది. స్లీవ్ నెట్టగానే రింగు గేరు శంకువు మీద రాసుకుని, రాపిడితో వేగాలను కలుపుతుంది. కలిసేదాకా దాని పళ్లు స్లీవ్‌కి అడ్డం నిలబడతాయి. కలిసిన మరుక్షణం దారి ఇస్తాయి.

గేరు పడేముందు చేతికి తగిలే ఆ చిన్న ‘ఆగు’ ఇదే. ఎంత గట్టిగా నొక్కితే అంత త్వరగా వేగాలు కలుస్తాయి. షార్ట్ షిఫ్టర్ వచ్చాక మునుపటి బలంతోనే నొక్కితే రింగు మీద పడే ఒత్తిడి తగ్గుతుంది, ఆ ‘ఆగు’ ఇంకాస్త సాగుతుంది. అందుకే తెలియకుండానే మనం ఎక్కువ బలం పెడతాం.

మరి సింక్రోలు త్వరగా అరిగిపోతాయా? సామాను వల్ల కాదు, చెయ్యి వల్ల అరుగుతాయి. ‘ఆగు’ తగిలినప్పుడు ఆగి, దారి ఇచ్చాక లోపలికి తోసేవాళ్ల సింక్రోలకి షార్ట్ షిఫ్టర్ చేసే హాని పెద్దగా ఉండదు. కిట్ బిగించుకున్న ఉత్సాహంలో గుద్ది మరీ వేసేవాళ్లకి మాత్రం ముందుగా పోయేది రెండో గేరు సింక్రోనే. మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్‌ని ఒక్కసారిగా వేగం పెంచాలి, ఆ భారమంతా చిన్న రింగు మీద పడుతుంది. కింది గేరుకి దిగేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త తొక్కి ఇంజిన్ వేగాన్ని కలిపి క్లచ్ వదలడం మంచి అలవాటే, కానీ దానితో తేలికయ్యేది క్లచ్‌కి. సింక్రోకి కూడా సాయం అందాలంటే డబుల్ క్లచ్ చేయాలి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, ఇంజిన్ వేగం పెంచి, మళ్లీ తొక్కి గేరు వేయాలి.

ఇంకొకటి గమనిస్తారు. ప్రతి గేరు దగ్గరా రాడ్‌ని నిలబెట్టడానికి స్ప్రింగుతో నొక్కిన గుండ్లు ఉంటాయి. నిష్పత్తి తగ్గడంతో వాటి ‘టక్’ చేతికి మరింత స్పష్టంగా తగులుతుంది. షార్ట్ షిఫ్టర్ ఇచ్చే ఆనందంలో సగం ఇదేనని నా అభిప్రాయం. మిగతా సగం కాస్త మనసుకి సంబంధించింది.

మీ కారులో ఏ ఏర్పాటు ఉంది

కిట్ వెతికేముందు ఇది తెలుసుకోవాలి. మూడు రకాలుంటాయి.

నేరుగా గేర్‌బాక్స్ మీదే రాడ్ నిలబడే ఏర్పాటు అన్నిటికంటే సరళమైనది. ఇంజిన్ కారు పొడవునా ఉండి వెనక చక్రాలు తిరిగే కొన్ని కార్లలో ఉంటుంది. మాజ్దా ఎమ్‌ఎక్స్-5, హోండా ఎస్2000 గేర్ల స్పర్శకి పేరు తెచ్చుకోవడానికి ఇదొక కారణం. మధ్యలో కేబుళ్లు లేవు, అరిగే కీళ్లు తక్కువ. వీటిలో కంపెనీ ఇచ్చిన కదలికే చాలా పొట్టిది, ఇంకా తగ్గించాలన్న తొందర నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

రెండోది కడ్డీ ఏర్పాటు. రాడ్ గేర్‌బాక్స్‌కి వెనకగా ఒక బ్రాకెట్‌లో ఉండి, కింద ఉన్న సెలెక్టర్ కడ్డీని కదుపుతుంది. పాత తరం బీఎండబ్ల్యూ 3 సిరీస్ కార్లలో ఇదే. అదే కంపెనీ జెడ్3 కారు రాడ్ తెచ్చి ‘ఈ36’ అనే 1990ల నాటి 3 సిరీస్‌కి బిగించుకోవడం చాలాకాలంగా నడుస్తున్న చిట్కా. కడ్డీ చివరల బుష్‌లు (కీళ్లలో లూజు లేకుండా పట్టి ఉంచే చిన్న తొడుగులు) అరిగితే మాత్రం గరిటె తిప్పినట్టు ఉంటుంది.

మూడోది కేబుళ్లది. ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలు తిరిగే నేటి కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండు కేబుళ్లుంటాయి. ఒకటి ముందుకీ వెనక్కీ, రెండోది కుడికీ ఎడమకీ. వీటికి షార్ట్ షిఫ్టర్ రెండు చోట్ల పెట్టవచ్చు. లోపల రాడ్ కింద కేబుల్ తగిలించే చెయ్యిని పొడిగించవచ్చు, లేదా బయట గేర్‌బాక్స్ మీద కేబుల్ లాగే చెయ్యిని పొట్టి చేయవచ్చు. రెండు చోట్లా లెక్క తలకిందులుగా ఉంటుందని గమనించండి. ఒకచోట పొడవు పెంచాలి, మరోచోట తగ్గించాలి. గేర్‌బాక్స్ మీద ఉన్న ఆ చెయ్యికి చాలా కార్లలో ఇనుప దిమ్మ ఒకటి అతికి ఉంటుంది. అనవసర బరువని తీసి పారేస్తుంటారు కొందరు. ఆ దిమ్మ ఊపే సింక్రో దగ్గర గేరుని నున్నగా దాటిస్తుంది. తీసేయకండి.

కొన్ని కిట్‌లు ముందువెనకల కదలికనే తగ్గిస్తాయి, పక్కలకి పాత దూరమే ఉంటుంది. కొన్నాళ్లు చేతికి వింతగా అనిపిస్తుంది, తరవాత అలవాటవుతుంది.

కొనేముందు ఈ పనులు చేయండి

గేర్లు బద్ధకంగా పడుతున్నాయని షార్ట్ షిఫ్టర్ కోసం చూసే వాళ్లలో చాలామందికి అసలు కావాల్సింది బుష్‌లు. గేరులో ఉంచి నాబ్‌ని అటూ ఇటూ కదపండి. లింకేజీ కదలకముందే నాబ్ వేలెడు ఊగుతుంటే బుష్‌లు అరిగాయి. అరిగిన లింకేజీ మీద షార్ట్ షిఫ్టర్ పెడితే గేర్ల మధ్య దూరం తగ్గుతుంది, లూజు అలాగే ఉంటుంది. ఏ గేరులో ఉన్నామో పోల్చుకోవడం మునుపటికన్నా కష్టమవుతుంది.

తరవాత క్లచ్. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు తేలిగ్గా పడే గేరు, ఇంజిన్ నడుస్తూ క్లచ్ పూర్తిగా తొక్కినా మొరాయిస్తుంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అనుమానించాలి. హైడ్రాలిక్ లైనులో గాలి ఉందేమో చూడండి. దీనికి షిఫ్టర్ ఏమీ చేయలేదు.

గేర్ ఆయిల్ కూడా మాన్యువల్‌లో చెప్పినదే ఉండాలి. జీఎల్-4 రకం ఆయిల్ అడిగిన గేర్‌బాక్స్‌లో పెద్ద అంకె మంచిదనుకుని జీఎల్-5 పోస్తే, దానిలోని గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు కొన్నిసార్లు ఇత్తడి సింక్రోలకి పడవు.

ఇవన్నీ బాగుంటే ముందు నాబ్ ఒక్కటి మార్చి చూడండి. బరువైన నాబ్ చేతి ఊపుని నిలుపుకుని సింక్రో దాటేటప్పుడు సాయపడుతుంది. కొంచెం కిందికి కూర్చునే నాబ్ అయితే దూరమూ కాస్త తగ్గుతుంది. మర సైజు ముందే చూసుకోవాలి. హోండాల్లో సాధారణంగా ఎం10×1.5 (10 మి.మీ. వ్యాసం, మర చుట్ల మధ్య 1.5 మి.మీ.), మాజ్దాల్లో ఎం10×1.25, టొయోటా, సుబారుల్లో ఎం12×1.25 ఉంటుంది. చాలామంది ప్రయాణం ఇక్కడితో ఆగిపోతుంది. ఆగిపోతే మంచిదే.

ఎంత తగ్గించాలి? రోజూ నడిపే కారుకి 15 నుంచి 25 శాతం చాలు. 30 దాటితే చలిగా ఉన్న పొద్దున గేర్ ఆయిల్ ఇంకా చిక్కగా ఉన్నప్పుడు ఒకటి, రెండు గేర్లు వేయడం చిన్న కుస్తీ అవుతుంది. నేను మొదటిసారి ఆశకొద్దీ 40 శాతం తగ్గించే దాన్ని బిగించాను. వారం రోజులు ప్రతి సిగ్నల్ దగ్గరా మురిసిపోయాను. రెండో వారం వాన ట్రాఫిక్‌లో మణికట్టు నొప్పెట్టాక పాత రాడ్‌ని అటక మీద నుంచి దించాను.

బిగించే క్రమం

మొదలుపెట్టే ముందే టేపుతో కొలవండి. న్యూట్రల్ నుంచి మూడో గేరుకి, మూడు నుంచి నాలుగుకి నాబ్ ఎంత కదులుతోందో రాసుకోండి. పని అయ్యాక ‘తగ్గిందా, నా భ్రమా’ అన్న ప్రశ్నకి జవాబు ఈ కాగితమే.

1. కారుని చదునైన చోట ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాలకి అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ గేర్ రాడ్ పక్కనే కన్సోల్ కింద ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి అప్పుడు చెయ్యి పెట్టండి.

2. నాబ్ తీయండి. ఎక్కువ వాటికి మర ఉంటుంది, ఎడమకి తిప్పితే వస్తుంది. బీఎండబ్ల్యూల్లో నిలువుగా పైకి లాగాలి. మర ఉన్నదాన్ని లాగినా, లాగాల్సిన దాన్ని తిప్పినా విరిగేది ఆ నాబే. పైకి వస్తున్నప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి, గట్టిగా లాగిన నాబ్ గడ్డానికి తగలడం ఈ పనిలో అందరికీ ఒకసారి అయ్యే అనుభవం. రివర్స్ కోసం ఎత్తే రింగు ఉంటే అది ఎలా కూర్చుందో ఫోటో తీసుకోండి.

3. తోలు తొడుగు, కన్సోల్ (సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ పెట్టె) తీయండి. క్లిప్పులకి ప్లాస్టిక్ పనిముట్లే వాడండి. విప్పిన స్క్రూలని తీసిన వరసలోనే ఒక అట్టముక్కకి గుచ్చి పెట్టుకుంటే చివర్లో రెండు మిగిలిపోయే సమస్య ఉండదు.

4. ఇక రాడ్. గేర్‌బాక్స్ మీద నేరుగా నిలబడేదయితే రబ్బరు తొడుగులు, దాన్ని పట్టి ఉంచే ప్లేటు బోల్టులు విప్పితే రాడ్ పైకి వస్తుంది. ఆ క్షణం నుంచి గేర్‌బాక్స్ నోరు తెరుచుకుని ఉన్నట్టే. లోపల పడ్డ ఒక్క ఇసుక రేణువు, ఒక్క వాషర్ మీ పనిని గేర్‌బాక్స్ విప్పేదాకా తీసుకెళ్తుంది. చుట్టూ ముందే తుడవండి, తీసిన వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కండి. రాడ్ కింది కొనకి ఉండే నైలాన్ టోపీ రాడ్‌తోపాటు బయటికి వచ్చిందో లేదో చూడండి. ఎమ్‌ఎక్స్-5లో ఈ గూటికి విడిగా ఆయిల్ ఉంటుంది, తిరిగి పెట్టేటప్పుడు అదీ నింపాలి.

కడ్డీ ఏర్పాటైతే పని సగం కారు కింద. జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి, స్టాండ్‌లు ఉండాల్సిందే. సైలెన్సర్ గొట్టం చల్లారనివ్వండి.

కేబుళ్లదయితే కొనల్లోని క్లిప్పులు తీసి, కేబుల్ కొనని నెమ్మదిగా పైకి పెకలించాలి. కేబుల్ మడత పడకూడదు. ఒకసారి లోపల మడత పడిన కేబుల్ జీవితాంతం గరగరలాడుతుంది. సర్దుబాటు మర ఉంటే మార్కర్‌తో గీత పెట్టుకోండి.

5. పాత రాడ్, కొత్త రాడ్ పక్కపక్కన పెట్టి పోల్చండి. గుండు వ్యాసం ఒకటేనా, కింది కొన రంధ్రం అదేనా, వంపు అదే వైపుకి ఉందా. వంపు తేడాగా ఉంటే రాడ్ డ్యాష్‌బోర్డుకి గుద్దుకుంటుంది. తేడా కనిపిస్తే ఇక్కడే ఆగిపోవడం నయం.

6. గుండుకీ, బుష్‌లకీ పల్చగా గ్రీజు పూయండి. ప్లాస్టిక్, రబ్బరు ఉన్నచోట సిలికాన్ గ్రీజు క్షేమం. బుష్‌లు మార్చడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. ఇత్తడి, అల్యూమినియం బుష్‌లు లూజు పూర్తిగా తీసేస్తాయి, బదులుగా ఇంజిన్ వణుకు, గేర్‌బాక్స్ రొద నేరుగా అరచేతిలోకి వస్తాయి. రోజువారీ కారుకి గట్టి ప్లాస్టిక్‌వి మధ్యేమార్గం.

7. తిరిగి బిగించండి, కానీ కన్సోల్ అప్పుడే మూయకండి. సర్‌క్లిప్పులు (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగులు) పూర్తిగా కూర్చున్నాయో వేలితో తిప్పి చూడండి. బోల్టులని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి, అంటే అంత బిగువుకే, బిగించండి.

పరీక్ష, సర్దుబాటు

ఇంజిన్ ఆపి ఉంచి రివర్స్‌తో సహా ప్రతి గేరూ వేయండి. గేరు పడకపోతే బలవంతం వద్దు. నిలిచి ఉన్న కారులో పళ్లు ఎదురెదురుగా వచ్చి ఆగుతుంటాయి, కారుని జానెడు తోస్తే పడుతుంది. రెండు విషయాలు చూడాలి. పైన నాబ్ పట్టుకున్న వేళ్లు డ్యాష్‌బోర్డుకి తగలకూడదు. కింద పొడిగించిన కొన దేనికీ తగలకూడదు: హీట్ షీల్డ్, టన్నెల్ రేకు, ప్రొపెల్లర్ షాఫ్ట్. అనుమానం ఉంటే కొనకి కాస్త సున్నం పూసి గేర్లన్నీ వేసి చూడండి, తగిలిన చోట తెల్లగా అంటుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, గేరు పూర్తిగా పడుతోందా అన్నది. రాడ్ దేనికో తగిలి ఆగిపోతే స్లీవ్ సగమే ఎక్కుతుంది. నెమ్మదిగా నడిపినంతసేపు తెలియదు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కగానే గేరు ఊడి న్యూట్రల్‌కి వస్తుంది. అలా పదేపదే జరిగితే పళ్ల అంచులు గుండ్రంగా అరిగి, తరవాత సామాను పాతది పెట్టినా ఊడుతూనే ఉంటుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి పనులకే పుట్టింది. కేబుల్ కార్లలో దీనికి విరుగుడు సర్దుబాటే. చాలా కార్లలో న్యూట్రల్‌లో రాడ్‌ని ఒక పిన్నుతో నిలిపి, కేబుల్ పొడవు సరిచేసి బిగించే వీలుంటుంది. కొన్ని కిట్‌లకి ఆగే చోటు సరిచేసే స్టాప్ బోల్టులు ఉంటాయి. వాటిని వదిలేస్తే మీరు తోసే బలమంతా లోపల స్లీవ్‌ని జరిపే సెలెక్టర్ ఫోర్కుల మీద పడుతుంది. గేరు పూర్తిగా పడ్డాక ఒక వెంట్రుకవాసి తరవాత స్టాప్ తగిలేలా పెట్టండి.

ఆ తరవాత ఇంజిన్ నడుపుతూ, క్లచ్ తొక్కి మళ్లీ అన్నీ. రివర్స్ అడ్డు పనిచేస్తోందా అని ప్రత్యేకంగా చూడండి. ఐదు నుంచి ఆరుకో, నాలుగుకో వెళ్తూ పొరపాటున రివర్స్ దారిలోకి జారకూడదు. అప్పుడు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఒక చుట్టు. అంతా బాగుంటే కన్సోల్ మూయండి.

మొదటి కొన్ని రోజులు చెయ్యి పాత దూరాన్నే వెతుకుతుంది. ఈ రోజుల్లోనే భయపడాల్సిన పొరపాటు ఒకటుంది. మూడు నుంచి నాలుగుకి లాగబోయి రెండులో వేయడం. రెండో గేరు నిష్పత్తి 2.1, మూడోది 1.4 అనుకోండి. 6000 ఆర్‌పీఎం దగ్గర మూడులో ఉన్న ఇంజిన్‌ని రెండులో వేసి క్లచ్ వదిలితే చక్రాలు దాన్ని 9000కి లాక్కెళ్తాయి. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ ఇంధనం ఆపగలదు గానీ చక్రాలు తిప్పుతున్న ఇంజిన్‌ని ఆపలేదు. వాల్వులు పిస్టన్లకి తగిలేది ఇలాంటప్పుడే. మూడు నుంచి నాలుగుకి రాడ్‌ని పిడికిట్లో బిగించి లాగకుండా, అరచెయ్యి తెరిచి నిటారుగా వెనక్కి లాగండి. మధ్యలోకి తెచ్చే స్ప్రింగు దానికి దారి చూపిస్తుంది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక తొడుగు మళ్లీ ఎత్తి బోల్టులు, క్లిప్పులు చూడండి. ఆ లోగా ఏదైనా గేరు ఊడినా, కొత్తగా గీరిన మోత వచ్చినా ‘సర్దుకుంటుందిలే’ అనుకోకుండా పాత రాడ్ పెట్టి చూడండి. మోత పోతే తప్పు బిగింపులో ఉంది, పోకపోతే గేర్‌బాక్స్‌లో. ఈ ఒక్క పరీక్ష కోసమైనా పాత రాడ్, దాని బుష్‌లు, క్లిప్పులు అన్నీ ఒక సంచిలో వేసి, ఏ కారువో రాసి దాచి ఉంచండి.